ఇరవయ్యో ఫొటో

బడిలో సున్నా వస్తే వీపు విమానం మోత మోగుతుంది. మెదడు ఆపరేషన్ల విభాగంలో మాత్రం సున్నా వస్తే సంబరం. ఆపరేషనైన నెలకి రోగిని పిలిపించి, నడిపించి, మాట్లాడించి, చొక్కా గుండీలు పెట్టించి, చివరికి ఒక అంకె వేస్తారు. సున్నా అంటే ఏ లోటూ లేదని. ఒకటంటే చిన్న నలత. అలా దిగుతూ పోతే అయిదంటే మంచం. ఆరంటే ఇక పిలిపించాల్సిన పని లేని మనిషి. ఆ అంకెలన్నీ ఏడాదికోసారి ఫలితాల పుస్తకంలోకి ఎక్కుతాయి. మూడేళ్లుగా ఆ పుస్తకం నిండా సున్నాలే. పెద్ద డాక్టరు దాన్ని బల్ల మీద పెట్టుకుని, ఎవరూ అడక్కపోయినా తెరిచి చూపిస్తుంటాడు.

ఆ సున్నాల్లో సగం పుణ్యం బొమ్మలమ్మది. కాగితాల్లో ఆవిడ ఉద్యోగానికి మూరెడు పేరుంది గానీ, ఆయా దగ్గర్నుంచి మత్తు డాక్టరు దాకా అందరికీ ఆవిడ బొమ్మలమ్మే. మాటకీ గుర్తుకీ ఆధారమైన చోట కణితి పెరిగితే రోగిని పూర్తిగా నిద్రపుచ్చి కొయ్యడం కుదరదు. ఏది కణితో ఏది మనిషో పైకి చూస్తే తెలియదు. అందుకని పుర్రె తెరిచాక రోగిని లేపుతారు. మెదడుకి నొప్పి తెలియదు కాబట్టి అతను కులాసాగానే ఉంటాడు. అవతల పెద్ద డాక్టరు సన్నటి కరెంటు పుల్లతో ఒక్కో చోటూ తాకుతుంటాడు. ఇవతల, ఆకుపచ్చ గుడ్డల గుడారం కింద, బొమ్మలమ్మ స్టూలు వేసుకుని రోగికి ఎదురుగా కూర్చుని ఫొటోలు చూపిస్తుంది. "ఎవరు?" అని అడుగుతుంది. సరిగ్గా చెబితే "సరి" అని బయటికి కేకేస్తుంది. తడబడితే "ఆగండి" అంటుంది. ఆగండి అన్న చోట పెద్ద డాక్టరు చిన్న అంకె చీటీ అంటించి, దాని జోలికి పోడు. సరి అన్న చోట కత్తి పెడతాడు.

ఫొటోలు ఇరవై. రోగి ఇంటి నుంచే తెప్పిస్తారు. పెళ్లాం, అన్నదమ్ములు, పక్కింటాయన, పెంపుడు కుక్క, ఏవైనా సరే, ఆ మనిషి బతుకులో ఉన్నవి కావాలి. ప్రతి ఫొటో వెనకా ఆ ఇంట్లో దాన్ని ఏమని పిలుస్తారో బొమ్మలమ్మ తన గుండ్రటి చేతిరాతతో రాసుకుంటుంది. గుడారం కింద ఉన్నప్పుడు ఫొటో మొహం రోగి వైపే ఉంటుంది. ఆవిడ వెనకున్న పేరు చూస్తుంది, రోగి పెదాలు చూస్తుంది, అంతే. చూపించాల్సినవి ఏప్రను ఎడమ జేబులో, చూపించేసినవి కుడి జేబులో. ఒళ్లో కాగితం మీద ఇరవై గళ్లు. గడిలో పేరు, పక్కన టిక్కు. ఇరవై టిక్కులూ పడగానే "ఇరవై సరి!" అంటుంది. అంటే మనిషి పదిలంగా ఉన్నాడని. ఆపరేషనయ్యాక ఆయా రెండు జేబుల్లోవీ కలిపి ఇంటివాళ్లకి తిరిగిచ్చేస్తుంది. ఎనిమిదేళ్లుగా ఇదే పద్ధతి. లెక్కపెట్టేది టిక్కుల్నే గానీ ఫొటోల్ని కాదు. అలా లెక్కపెట్టాలని ఎవరికీ తోచలేదు.

దర్జీ వార్డులో చేరిన రోజు మంచం మీద ఫొటోలన్నీ పరుచుకుని, బట్టల కొట్టువాడు తానులు విప్పినట్టు ఒక్కోటీ తీసి చూపించాడు. "ఇది మా ఆవిడ. ఇది నా మిషను, దీని వయసు నాకంటే ఎక్కువ. వీడు మా తమ్ముడు, వీడికి బుద్ధి నాకంటే తక్కువ." చివరి ఫొటో మాత్రం చేతిలోనే ఉంచుకున్నాడు. పళ్లూడిన నోటితో నవ్వుతున్న ఏడేళ్ల పిల్ల. ఇప్పుడు పదేళ్లుంటాయేమో, మంచం కాళ్ల దగ్గర నిలబడి గౌను అంచు నలుపుతోంది.

"ఇది మా బుడంకాయ," అన్నాడు. "దీన్ని చివర పెట్టండక్కా. దీని కోసమైనా కళ్లు తెరుచుకుని ఉంటాను."

"సరేనయ్యా, చివరే పెడతా."

"చూడండక్కా ఈ గౌను. దీనికి టేపు పెట్టి ఎరగను. పుట్టినప్పట్నుంచీ కంటితో చూడ్డం, కత్తెర వెయ్యడం. ఒక్కసారి కూడా బిగుతూ కాలేదు, వదులూ కాలేదు. ఏమే బుడంకాయా, అవునా కాదా?"

"ఒకసారి చంక దగ్గర చిరిగింది," అంది పిల్ల.

"అది నువ్వు గోడ దూకినప్పుడే!" అని పగలబడి నవ్వాడు. తర్వాత పిల్లని నీళ్లు తెమ్మని పంపి, బొమ్మలమ్మ చెయ్యి పట్టుకున్నాడు. "అక్కా, చెయ్యి పడిపోతే మా ఆవిడ కుడుతుంది. కాలు పోతే ఎలాగూ కూర్చుని చేసే పనే. దీన్ని మాత్రం పోగొట్టకండి. నా కూతుర్ని నేను మర్చిపోకూడదు."

"ఎందుకు పోతుందయ్యా, నేను లేనూ?"

"మాటివ్వండి."

"ఇచ్చానయ్యా మాట. ఇక పడుకో." వార్డు గుమ్మం దాటాక బొమ్మలమ్మ ఫొటో వెనక బుడంకాయ అని రాసి, అన్నిటికీ అడుగున పెట్టింది.

ఆపరేషను పొద్దున్నే మొదలైంది. పదిన్నరకి దర్జీని లేపారు. గుడారం కింద అతని మొహం కడిగిన పలకలా తేటగా ఉంది. మిషను సరి. పెళ్లాం సరి. తమ్ముడి దగ్గర నాలుక మడతపడితే బొమ్మలమ్మ "ఆగండి" అంది, అవతల చీటీ పడింది, పుల్ల పక్కకి జరిపాక తమ్ముడూ సరే. పన్నెండో పదమూడో ఫొటో తీసింది. వెనక చిన్నత్త అని ఉంది.

"ఎవరు?"

దర్జీ మొహం విప్పారింది. "చిన్నత్త," అన్నాడు. కాసేపు ఫొటోని పరకాయించి చూసి, "అయ్యో, కోటుకి మూడో గుండీ ఊడిపోయింది," అన్నాడు.

పుర్రె తెరిచి ఉన్నా దర్జీ దర్జీయే అనుకుని బొమ్మలమ్మ లోలోపల నవ్వుకుంది. "సరి!" అని కేకేసి టిక్కు పెట్టింది.

పన్నెండు దాటేసరికి ఆఖరి గడి నిండింది. నడుం పీకుతోంది, గొంతు ఎండిపోయింది. "ఇరవై సరి!" అంది. మత్తు డాక్టరు అప్పటికే సిరంజి పట్టుకుని సిద్ధంగా ఉన్నాడు.

"అక్కా, ఇంకా ఒకటి..." అన్నాడు దర్జీ.

"అయిపోయాయయ్యా. ఇక హాయిగా నిద్రపో," అని బుగ్గ తట్టింది.

"బుడం..." అన్నాడు. రెప్పలు వాలిపోయాయి.

చేతులు కడుక్కుని, ఏప్రను విప్పి కొక్కేనికి తగిలిస్తుంటే ఎడమ జేబులో ఏదో గట్టిగా తగిలింది. తీసి చూసింది. పళ్లూడిన నోటితో నవ్వుతున్న పిల్ల. పరుగున లోపలికి వెళ్లేసరికి పెద్ద డాక్టరు తీయాల్సింది తీసేశాడు. తీసిన ముక్క గిన్నెలో ఉంది.

"ఒకటి మిగిలిపోయింది డాక్టరుగారూ. వాళ్లమ్మాయిది."

"టిక్కులెన్ని?"

"ఇరవయ్యే."

"ఇరవై టిక్కులుంటే ఇరవై చూపించినట్టే కదమ్మా. పెళ్లికొడుకులా ఉన్నాడు, వెళ్లి కాస్త టీ తాగు," అన్నాడు ఆయన మాస్కు వెనక నుంచి.

తన గదిలో బల్ల మీద ఫొటోలన్నీ పేర్చి లెక్కపెట్టింది. ఇరవై ఒకటి. మూడుసార్లు లెక్కపెట్టినా ఇరవై ఒకటే. అప్పుడు ఆ చిన్నత్త ఫొటో మొహం మొదటిసారి చూసింది. నీలం రంగు తలుపు ముందు ఒక నడివయసు ఆడమనిషి నిలబడి ఉంది. బూడిదరంగు కోటు. మూడో గుండీ లేదు, ఉండాల్సిన చోట దారప్పోగు వేలాడుతోంది. పోల్చుకోదగ్గ మొహం కాదు, దారిలో ఎదురైతే మర్చిపోయే మొహం. అయితే ఆవిడ చూపు ఫొటో తీసేవాళ్ల వైపు లేదు. ఫొటో చూసేవాళ్ల వైపు ఉంది. ఎప్పుడొచ్చారు, కూర్చోండి అన్నట్టుంది. తిప్పితే వెనక చిన్నత్త. గుండ్రటి చేతిరాత, 'త్త' కింద తోక కాస్త సాగదీసి రాయడం. ముమ్మాటికీ తన రాతే. రాసిన గుర్తు మాత్రం ఎంత తడుముకున్నా లేదు.

బయట బల్ల మీద కూర్చున్న దర్జీ భార్య దగ్గరికి వెళ్లింది. "మీ ఆయనకి చిన్నత్త ఎవరైనా ఉన్నారామ్మా?"

"అత్తలా? మా మామగారు వాళ్లు అయిదుగురూ మగాళ్లే. మా అత్తగారికా, అన్నదమ్ములే లేరు. ఎందుకక్కా? ఆయన బాగానే ఉన్నారా?"

"బాగున్నాడమ్మా," అంది బొమ్మలమ్మ. ఫొటో కొంగు చాటున పెట్టుకుంది.

మర్నాడు పొద్దున దర్జీకి మంచం మీదే పరీక్ష పెట్టింది. అన్నీ సరిగ్గా చెప్పాడు. చివర్లో పిల్ల ఫొటో చూపించి "ఎవరు?" అంది. దర్జీ ఫొటో చూశాడు, పక్కనే ఉన్న భార్య మొహం చూశాడు. "మా అమ్మాయి," అన్నాడు. ఇంట్లో ఏమంటారంటే "బుడంకాయ" అన్నాడు. భార్య పొద్దున్నుంచీ ఆ పేరు పదిసార్లు తలుచుకోవడమూ, బుడంకాయ అన్నం తినలేదు, బుడంకాయ నిద్రపోలేదు అని చెవిలో జోరీగలా చెబుతూనే ఉండటమూ బొమ్మలమ్మ విననట్టే ఉండిపోయింది. గుండెల మీద కుంపటి దింపుకోవాలనుకున్న మనిషికి ఆ మాత్రం చాలు. టిక్కు పెట్టుకుని వచ్చేసింది.

అయినా ఆ కోటు మనిషి సంగతి తేలాలిగా. అంతకుముందు ఆపరేషను రొట్టెల దుకాణం ఆయనది. అతని ఫొటో ఒకటి జేబులో ఉండిపోయి ఉంటుందనుకుని అతని భార్యకి ఫోను చేసింది.

"మా ఫొటోలన్నీ మాకొచ్చేశాయండీ," అంది ఆవిడ.

"మీ ఇంట్లో చిన్నత్త అని ఎవరైనా ఉన్నారా?"

"మీకెలా తెలుసు? మాకెవరూ లేరు. ఈయనే ఆపరేషనైన దగ్గర్నుంచీ చిన్నత్త వచ్చిందా, చిన్నత్త తిందా అని అడుగుతుంటారు. ఆవిడ గుర్తుపట్టాలని తలుపుకి నీలం రంగు కూడా వేయించారు. మెదడు ఆపరేషను కదా, కొన్నాళ్లు ఇలాగే ఉంటుందేమోనని ఊరుకున్నాం."

"మీతో ఎలా ఉంటున్నారు?"

"ఎంత మర్యాదో! పెళ్లయిన పాతికేళ్లలో ఎప్పుడూ ఎరగను. నేను గదిలోకొస్తే లేచి నిలబడతారు. మంచం నాకిచ్చేసి బల్ల మీద పడుకుంటారు. మొన్న..." అని నవ్వబోయింది ఆవిడ. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. "మేడమ్, ఆయన బాగానే ఉన్నట్టేనా?"

ఫోను పెట్టేసి బొమ్మలమ్మ బీరువా తెరిచింది. ఎనిమిదేళ్ల కాగితాలు. మూడేళ్ల కిందటి కాగితంలో మొదట దొరికింది. ఆరో గడిలో చిన్నత్త, పక్కన టిక్కు. దాని తర్వాత మరొకటి. సాయంత్రం డ్యూటీ దిగేలోపు ఏడు కాగితాలు బయటికొచ్చాయి, దర్జీదీ రొట్టెలాయనదీ కలిపి. ఏడింట్లోనూ చిన్నత్త, ఏడింట్లోనూ సరి. ఫైలు మొదటి పేజీలో ఇంటివాళ్లిచ్చిన పేర్ల జాబితా ఉంటుంది. దాంతో పోల్చి చూస్తే, ప్రతి కాగితంలోనూ జాబితాలోని చివరి పేరు గళ్లలోకి ఎక్కలేదు. ఒకరికి తల్లి. ఒకరికి కవల సోదరుడు. రొట్టెలాయనకి పెళ్లాం. చివరిదాకా దాచుకునేది ఎప్పుడూ అందరికంటే ముఖ్యమైన మనిషినే కదా. ఏడుగురికీ నెల పరీక్షలో వచ్చిన అంకె వెతికింది. దర్జీది ఇంకా రాలేదు. మిగతా ఆరుగురికీ సున్నా. దీపాలన్నీ వేసుకుని కూర్చుంది.

మర్నాడు కాగితాలన్నీ పెద్ద డాక్టరు ముందు పెట్టింది. ఆయన ఓపిగ్గానే చూశాడు.

"ఆరుగురికీ సున్నాలే. మన పనితనం చూశావా!"

"పోయింది మీ అంకెకి కనబడదు డాక్టరుగారూ."

"నడుస్తున్నారా? మాట్లాడుతున్నారా? పన్లోకి వెళ్తున్నారా? ఇంకేం కావాలమ్మా మనిషికి? ఎప్పుడో ఎవరిదో ఒక ఫొటో నీ జేబులో ఉండిపోయింది. మెదడుకి కరెంటు తగిలినప్పుడు మనిషి ఏదో ఒకటి అంటాడు. చించి పారెయ్యి."

ఏదో ఒకటి కాదు, ఏడుగురూ ఒకటే అన్నారని చెప్పాలనుకుంది. చెబితే ఈసారి తన బుర్రకే పరీక్ష పెడతారని ఊరుకుంది. ఫొటో చించబోయింది గానీ, ఆ చూపు ఎదురుగా ఉండగా చేతులు రాలేదు. కవర్లో పెట్టి, సొరుగులో పడేసి, తాళం వేసి, తాళంచెవి తన గొలుసుకి కట్టుకుంది. ఆనాటి నుంచి గుడారం కిందికి వెళ్లేముందు ఫొటోలు మొహాలు పైకి పెట్టి లెక్కపెట్టడం మొదలెట్టింది. మత్తు డాక్టరు పేకముక్కలా అని ఆటపట్టించినా మానలేదు.

నెల తిరిగేసరికి దర్జీ పరీక్షకి వచ్చాడు. గీత మీద నడిచాడు. వేళ్లు లెక్కపెట్టాడు. సూదిలో దారం ఒక్క ఊపున ఎక్కించి "ఇంకో సూది ఉందా?" అన్నాడు. పెద్ద డాక్టరు "సున్నా! రాసెయ్యమ్మా," అని చేతులు దులుపుకుని తర్వాతి గదిలోకి వెళ్లిపోయాడు. బొమ్మలమ్మ కలం తీసింది. వరండాలో పిల్ల ఒక్కతే కూర్చుని ఉంది. పసుపు గౌను, మెడకి తెల్ల లేసు, ఒంటికి అచ్చుగుద్దినట్టు ఉంది.

"కొత్త గౌనా? బాగుంది. మీ నాన్న కుట్టాడా?"

"ఊఁ. కొలతలు తీసుకుని కుట్టాడు."

"కొలతలా?"

"టేపు పెట్టి. భుజాలు, చాతీ, పొడవు. పుస్తకంలో రాసుకున్నాడు కూడా," అంది పిల్ల బూటు కొస వైపు చూస్తూ.

బొమ్మలమ్మ కలం మూత పెట్టేసింది. అంకె గడి ఖాళీగా వదిలి, కింద ఇంటి దగ్గర చూడవలెను అని రాసింది.

రెండ్రోజులాగి మధ్యాహ్నం పూట బయల్దేరింది. సొరుగు తాళం తీసి ఫొటో కవరుని అలాగే సంచిలో వేసుకుంది. అతనికి చూపించి, ఈవిడ నీ మనిషి కాదయ్యా అని చెప్పెయ్యాలని ఆవిడ పంతం. దర్జీ ఇల్లు మేడ మీద. కింద తాళాలు బాగుచేసే కొట్టు, పక్కనుంచి ఇరుకు మెట్లు. ఎక్కి పైకి వచ్చేసరికి రంగు వాసన ముక్కుకి కొట్టింది. తలుపు నీలంగా ఉంది. ఎంత నీలమంటే, సంచిలోంచి ఫొటో తీసి పోల్చి చూడాల్సిన పని లేకపోయింది.

దర్జీ కిటికీ దగ్గర బల్ల మీద గుడ్డ పరిచి సుద్దతో గీస్తున్నాడు. "రండక్కా, రండి! ఇదిగో కుర్చీ," అని సంబరపడిపోయాడు. భార్య కుట్టిన బట్టలిచ్చి రావడానికి వెళ్లిందట. పిల్ల లోపల్నుంచి తొంగి చూసింది.

"పాపా, ఆంటీకి మంచినీళ్లు తెస్తావా? నీకు ఇబ్బంది లేకపోతేనే," అన్నాడు దర్జీ.

పిల్ల లోపలికి వెళ్లింది. అతను తలుపు వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. "అక్కా, మిమ్మల్నొకటి అడగనా? ఇంకెవర్నీ అడగలేను. ఈ పాప ఎవరక్కా?"

"నీ కూతురయ్యా," అంది బొమ్మలమ్మ.

"అందరూ అదే అంటున్నారు. ఫొటోలున్నాయి, బడి కాగితాల్లో నా పేరుంది. అబద్ధమైతే ఇంతమంది చెప్పరు. కానీ నాకు... ఎలా చెప్పను? రైల్లో ఎదురు సీట్లో కూర్చున్న పాపలా ఉందక్కా. మంచి పిల్ల. నాన్నా అని పిలుస్తుంది, నా కంచం కడిగి పెడుతుంది. నేనెరగనని తెలిస్తే ఏడుస్తుంది కదా. అందుకని తెలిసినట్టే ఉంటున్నా. రోజంతా ఒళ్లు దగ్గర పెట్టుకుని మాట్లాడాల్సొస్తోంది, అదొక్కటే కష్టం."

"తప్పు నాదయ్యా," అంది బొమ్మలమ్మ. "నువ్వు చివర పెట్టమన్న ఫొటో నేను చూపించలేదు. మాటిచ్చి కూడా చూపించలేదు."

"ఏ ఫొటో అక్కా?" అన్నాడు దర్జీ. మర్యాదకే అడిగాడు. దేని గురించో అతనికి తెలియదు.

అతను మళ్లీ సుద్ద అందుకున్నాడు. బల్ల మీద ఉన్నది బూడిదరంగు గుడ్డ. వీపు, భుజం, కాలరు, చకచకా గీతలు పడుతున్నాయి. టేపు కొక్కేనికి వేలాడుతోంది, ముట్టుకోలేదు.

"ఎవరికయ్యా కోటు?"

"చిన్నత్తకి. పాతది మరీ చీకిపోయింది."

"కొలతలు?"

"చిన్నత్తకి కొలతలేంటక్కా!" అని పగలబడి నవ్వాడు. వార్డులో బుడంకాయ గౌను చూపించినప్పుడు నవ్విన నవ్వే అది, తేడా లేదు. "ఆ పాతదానికి గుండీ ఊడిపోయిందిగా, మొన్న కూర్చోబెట్టి కుట్టాను. చేతికి ఎర్ర దారమే దొరికింది. ఏమనుకోలేదులెండి, మంచిది పాపం."

బొమ్మలమ్మ సంచిలోంచి కవరు తీసింది. నెల రోజులు తాళంలో ఉన్న కవరు. ఫొటో సగం బయటికి లాగింది. నీలం తలుపు, బూడిదరంగు కోటు. మొదటి గుండీ, రెండో గుండీ, మూడోది. మూడో గుండీ ఎర్ర దారంతో, నాలుగు కుట్లు అడ్డంగా, చెయ్యి తిరిగినవాడి పనితనంతో బిగించి ఉంది. ఫొటోని మళ్లీ లోపలికి తోసి, సంచి మూతి బిగించి పట్టుకుంది. ఈవిడ నీ మనిషి కాదని ఇక ఏ మొహంతో చెప్పగలదు?

పిల్ల గ్లాసు తెచ్చింది. నీళ్లిచ్చి, తండ్రి బల్ల పక్కన నిలబడింది. పసుపు గౌనే వేసుకుంది. "నాన్నా, నా గౌను బాగుందని ఆంటీ అన్నారు," అంది.

దర్జీ సుద్ద కింద పెట్టాడు. పిల్ల వైపు చూశాడు. ఆ తర్వాత బొమ్మలమ్మ వైపు చూశాడు. ఆకుపచ్చ గుడారం కింద చూసిన చూపే. జవాబు చెప్పి, తప్పో ఒప్పో తేలేదాకా ఊపిరి బిగబట్టే రోగి చూపు.

"మా అమ్మాయి," అన్నాడు. అని ఎదురుచూశాడు.

పిల్ల కూడా బొమ్మలమ్మనే చూస్తోంది. ఎనిమిదేళ్లలో ఆ మాట ఎన్ని వేలసార్లు అనుంటుందో, ఎన్నిసార్లు టీ మీద ధ్యాస పెట్టుకుని అనుంటుందో. ఇప్పుడు దాన్ని గొంతులోంచి బయటికి లాగడానికి ఒంట్లో ఉన్న సత్తువంతా కావాల్సొచ్చింది.

"సరి," అంది.

దర్జీ భుజాలు వదులయ్యాయి. నవ్వి, పిల్ల తల మీద చెయ్యి వెయ్యబోయి, అలా వెయ్యొచ్చో లేదో తెలియక, లేసు సవరించి వదిలేశాడు.

పిల్ల నీలం తలుపు దాకా సాగనంపడానికి వచ్చింది. తలుపు ఓరగా వేసి, మెట్ల మీద నిలబడింది.

"ఆంటీ, నాన్నకి నేను తెలియదు కదా?"

బొమ్మలమ్మ కూలబడినట్టు మెట్టు మీద కూర్చుండిపోయింది. పిల్లని దగ్గరికి తీసుకుంది. కళ్లనీళ్లు ఆగలేదు. పిల్ల మాత్రం ఏడవలేదు. ఏడవాల్సిందంతా ఎప్పుడో ఏడ్చేసినట్టుంది.

"నాకు తెలుసని నాన్నతో అనకండి. పాపం, తెలిసినట్టు ఉండటానికి చాలా కష్టపడుతున్నాడు. నేను కూడా తెలియనట్టే ఉంటున్నా."

"నీకెవరు చెప్పారమ్మా ఈ సంగతి?"

"చిన్నత్త," అంది పిల్ల, ఇంట్లో మనిషిని గురించి చెప్పినట్టు. "ఏడవకు, మెల్లిగా నీకూ అలవాటవుతుందిలే అంది."

బొమ్మలమ్మ మెట్లు దిగి, తాళాల కొట్టు ముందు బల్ల మీద కూర్చుని సంచిలోంచి కాగితం తీసింది. అంకె గడి ఖాళీగానే ఉంది. పైన, ఆపరేషను రోజు తన చేత్తో రాసిన ఇరవై సరి ఉంది. దాన్ని కొట్టేసింది. పక్కన పందొమ్మిది అని రాసింది. దాని కింద, చూపించనిది: బుడంకాయ, తప్పు నాది అని రాసి సంతకం పెట్టింది. రేపు పొద్దున మిగతా ఆరింటికీ ఇదే పని చేస్తుంది. పెద్ద డాక్టరు ఏమైనా అననీ.

లేచి నాలుగడుగులు వేసిందో లేదో మేడ మీంచి దర్జీ గొంతు వినిపించింది. గట్టిగా, చనువుగా, ఆటపట్టిస్తూ. వార్డులో ఏమే బుడంకాయా అన్న గొంతే. పోయింది తిరిగొచ్చిందేమోనన్న ఆశ ఒక్కసారి ఎగసి, బొమ్మలమ్మ గిరుక్కున వెనక్కి తిరిగింది.

"ఇంత ఆలస్యమేంటి? రా, రా, నీ కోసమే చూస్తున్నా!"

పైన నీలం తలుపు బార్లా తెరిచి ఉంది. ఇరుకు మెట్ల మీద, పసుపు గౌను పిల్ల ఎవరికో దారి ఇస్తున్నట్టు గోడవారకి ఒదిగి నిలబడింది.